రెండుసార్లు మరిగించిన బోరునీళ్ళు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, నా సొంత వంటింట్లో నేను కొంచెం కొంచెంగా చచ్చిపోయిన రోజుల సంగతి చెబుతాను, వినండి.

ఇండియన్లు ఎక్కడైనా ఇల్లు కొనుక్కోవచ్చని చట్టం మారగానే మేము తెల్లవాళ్ళ ప్రభుత్వం ఇండియన్లను ఉంచిన చాట్స్‌వర్త్ పేట వదిలి, ఉత్తరాన చెరకు తోటల అవతల బోరు ఉన్న ఒక పాత ఇంటికి వెళ్ళాము. నాకు అప్పటికే షుగర్, ఎంత తాగినా ఆరని దాహం. ఆ ఇంట్లో ఏదో ఉందనిపించేది! ఏళ్ళుగా ఆ బోరునీళ్ళే తాగి పెరిగిన చుట్టుపక్కల జులూ పిల్లలు నవ్వితే పళ్ళ మీద గోధుమరంగు చారలు, అందరికీ ఒకేలా, ఎవరో వరసగా గీసినట్టు. కెటిల్లో తెల్లటి పెచ్చు, గీకినా మళ్ళీ కట్టేది. మిట్టమధ్యాహ్నం చెరకాకులు గలగలమంటే నన్నెవరో పిలుస్తున్నట్టుండేది. నా కాళ్ళు ఉబ్బాయి, అద్దంలో ముఖం నాది కాదు. దయ్యం పనే అనుకున్నాను!

పరగడుపున చెంబెడు నీళ్ళు తాగడం మా అమ్మమ్మ నేర్పిన అలవాటు. ఆ నీళ్ళలో దోషం పోవాలని ప్రార్థన చేస్తూ రెండుసార్లు మరిగించి, సగానికి ఇంకించి మరీ తాగాను. నా అంత శుభ్రం ఎవరికుందని గర్వం కూడా! కిడ్నీలు పాడవుతున్నాయని ఆసుపత్రిలో చెప్పినరోజు మోకరించి, నాకొచ్చిన ఇంటి తెలుగులోనే ఏడ్చాను.

"యేసు సామీ, నాకేటీ తెల్దు. ఆ దెయ్యం ఏడుందో నువ్వే సూపించు!"

చూపించాడు! మరుసటి వారం ఆసుపత్రిలో ఇండియా నుంచి కొత్తగా వచ్చిన తెలుగు డాక్టరు కూర్చుని ఉన్నాడు. ఏ నీళ్ళు తాగుతున్నారమ్మా అన్నాడు. నాకు ఒళ్ళు మండి, రెండుసార్లు మరిగించిన బోరునీళ్ళు అని గట్టిగా చెప్పాను. ఆయన నవ్వాడు. ఆ పళ్ళ మీద అవే గోధుమరంగు చారలు! మా దగ్గరి పిల్లల పళ్ళూ ఇలాగే ఉంటాయన్నాను.

"మాది నల్లగొండండి, మా బోర్లలో ఫ్లోరైడు, ఈ చారలు దానివే. మీ బోరులోనూ అదే ఉండుంటుంది. మరిగిస్తే పోదమ్మా, నీరు ఇంకేకొద్దీ చిక్కనవుతుంది. షుగర్‌తో అలసిన కిడ్నీలు దాన్ని సరిగా బయటికి పంపలేవు, మీరేమో దాహానికి ఇంకా తాగుతున్నారు."

నీళ్ళు పరీక్ష చేయిస్తే ఆయన అన్నదే తేలింది. బోరు మానేసి వాననీళ్ళు పట్టుకున్నాము, షుగర్ అదుపులో పెట్టాను. పోయిన బలం తిరిగి రాలేదు, అబద్ధం చెప్పను, కానీ నా కిడ్నీలు పాడవడం అక్కడితో ఆగింది, నేను ఈరోజు మీ ముందు నిలబడ్డాను. దేవునికే మహిమ!

దయ్యాన్ని వెళ్ళగొట్టమని వేడుకుంటూనే దాన్ని నా చేతులతో పొయ్యి మీద పెట్టి చిక్కబరిచినదాన్ని నేను. మీకూ భయమేస్తే ప్రభువును నమ్మి అడగండి సహోదరులారా, అడిగాక ఎవరైనా వచ్చి చిన్న ప్రశ్న వేస్తే మాత్రం నాలా కోప్పడకండి, ఆయన జవాబు అదే కావచ్చు.