విరగని చుక్క

ఎల్లారెడ్డి బస్టాండు వెనక సందులో ఉన్న ల్యాబులో ఎస్తేర్ పదకొండేళ్లుగా పనిచేస్తోంది. నాట్ల కూలికి పోయే తల్లి, చర్చి గంట కొట్టే తండ్రి ప్రభుదాసు. రోజూ బస్సులో కామారెడ్డి వెళ్లి ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుకుంది. ఆమె సూది వేస్తే నొప్పి తెలియదని పేరు. ఆ పేరుతోపాటు తన రిపోర్టు తప్పు కాదన్న ధీమా కూడా బాగానే ముదిరింది. "ఇంకోపారి చూడరాదు బిడ్డా" అని ఎవరైనా అంటే ముఖం ముడుచుకునేది. ఇలాంటి వాళ్లకు దేవుడు పాఠం చెప్పాలనుకుంటే చిన్నగా చెప్పడు.

ఆ సోమవారం పదకొండింటికి గంగారాం వచ్చాడు. అరవై దగ్గరి మనిషి, మహమ్మద్‌నగర్ పక్క పల్లెలో రెండెకరాల రైతు. వెంట భార్య భూమక్క. నాలుగు రోజులుగా చలి, ఒళ్లు నొప్పులు. పొద్దున ఊళ్లో ఆర్‌ఎంపీ సూది వేయడంతో ఇప్పుడు ఒళ్లు చల్లగానే ఉంది. పక్క క్లినిక్ డాక్టరు సునీల్‌కుమార్ మూడు పరీక్షలు రాశాడు. రక్తకణాల లెక్క, ఈఎస్ఆర్, సీఆర్‌పీ.

సీఆర్‌పీ అనేది ఒంటికి ఆపద వచ్చినప్పుడు కాలేయం గబగబా తయారుచేసి రక్తంలోకి వదిలే ప్రొటీను. మామూలు రోజుల్లో ఉందా లేదా అన్నట్టుంటుంది. ఎక్కడైనా చీము పట్టిందంటే ఒకటి రెండు రోజుల్లోనే వందల రెట్లు పెరుగుతుంది. ఏ జబ్బో చెప్పదు గానీ ఆపద ఉందని చెబుతుంది. ఈ ల్యాబులో దాన్ని చూసే పద్ధతి పాతది. నల్లటి పలక మీద, రక్తం గడ్డకట్టాక పైన తేలే సీరం ఒక చుక్క, పాలలాంటి మందు ఒక చుక్క వేసి కలిపి, రెండు నిమిషాలు అటూ ఇటూ ఊపాలి. ఆ ప్రొటీను ఉంటే పాలు విరిగినట్టు తెల్లటి పలుకులు కడతాయి.

గంగారాం చుక్క విరగలేదు. ఎస్తేర్ 'నెగెటివ్' అని రాసిచ్చింది. తెల్లకణాలు తక్కువే, సీఆర్‌పీ లేదు కాబట్టి వైరల్ జ్వరమని డాక్టరు మాత్రలిచ్చి పంపాడు. గొట్టంలో ఎర్రకణాలు ఎంత దిగాయో చూసే ఈఎస్ఆర్‌కు గంట పడుతుంది. బస్సు వెళ్లిపోతుందని వాళ్లు ఆగలేదు, ఆ కాగితం కోసం రేపు ఎవరినైనా పంపుతామన్నారు.

గంట తర్వాత ఈఎస్ఆర్ గొట్టం చూసి ఎస్తేర్ ఉలిక్కిపడింది. ఎర్రకణాలు నూట పద్దెనిమిదో గీత దాకా దిగిపోయాయి. ఇంతలా దిగాయంటే ఒంట్లో ఏదో పెద్దదే రగులుతోంది. మరి సీఆర్‌పీ ఎందుకు రాలేదు?

అప్పుడు గుర్తొచ్చింది, కామారెడ్డిలో మేడమ్ ఎప్పుడో చెప్పిన మాట. మందులో ఉన్న పూసలు ఒక్కో ప్రొటీనును చెరోవైపు పట్టుకుంటేనే గుంపు కడతాయి. ప్రొటీను మరీ ఎక్కువైతే ప్రతి పూసకూ చేతులు నిండిపోతాయి, పక్కదాన్ని పట్టుకునే చెయ్యి ఖాళీ ఉండదు. అప్పుడు అసలు లేనట్టే కనిపిస్తుంది. మనిషి బాగా లేనప్పుడు నెగెటివ్ వస్తే సీరాన్ని పలుచన చేసి మళ్లీ చూడమని మందు డబ్బాలోని కాగితం మీద కూడా ఉంటుంది. ఎస్తేర్ ఆ కాగితం చదివి ఎన్నేళ్లయిందో.

సీరాన్ని సెలైన్‌లో పది వంతులకు పలుచన చేసింది. విరిగింది. ఇరవై వంతులు. విరిగింది. నలభై వంతులు చేసినా పలక మీద ఇసుక చల్లినట్టు పలుకులు కట్టింది.

రిజిస్టరులో ఉన్న నంబరుకు ఫోన్ చేస్తే స్విచాఫ్. ల్యాబు ఓనరు భూపాల్ సంగతి విని తలుపు దగ్గరగా వేశాడు.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు? డాక్టరే మాత్రలిచ్చి పంపిండు. రేపు ఈఎస్ఆర్ కాగితంతోని కలిపి కొత్తది ఇద్దాం. ఎవలకు ఎరుకైతది?"

"రేపటిదాకా ఉంటడో లేడో సార్."

"ల్యాబు పేరు పోతది ఎస్తేర్. నీ పేరు గూడ."

ఒక్క క్షణం, రేపు ఇద్దామన్న మాట ఆమెకు తియ్యగానే వినిపించింది. ఆ క్షణానికి తర్వాత చాలా సిగ్గుపడింది. పలక పట్టుకుని క్లినిక్‌లోకి నడిచింది. డాక్టరు కోపంతో లేచాడు. "నీ కాగితం చూసే గదా పంపిన! ఇన్‌ఫెక్షన్ రక్తంల పాకినట్టుంది. కామారెడ్డికి తీస్కపోవాలె, వెంటనే. నేను అక్కడ ఫోన్ చేసి చెప్త, నువ్వు మనిషిని దొరకబట్టు."

రిజిస్టరులో రాసి ఉన్న ఊరికి స్కూటీ మీద పోతుంటే దారంతా ఎస్తేర్ ప్రార్థన ఒక్కటే, మనిషి బతికుండాలని. ఇంటి ముందు భూమక్క చాట పట్టుకుని కూర్చుంది. "ఏం లేదన్నవ్ గద బిడ్డా, మందులేసుకొని పండుకుండు" అంది.

లోపల గంగారాం ఒళ్లంతా చెమట, ఊపిరి ఎగపోత. ఏ వారమో అడిగితే చెప్పలేకపోయాడు. దుప్పటి తీస్తే ఎడమ పిక్క మీద పసుపు ముద్ద కట్టు, దాని కింద కాలు బూడిద గుమ్మడిలా ఉబ్బి ఉంది. గడ్డి కోసేటప్పుడు ముల్లు దిగిందట. ముల్లు వచ్చేసింది కాబట్టి డాక్టరుకు చెప్పాలని తోచలేదట.

ఎస్తేర్ 108కు ఫోన్ చేస్తుంటే గంగారాం తమ్ముడు దేవన్న గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు.

"పొద్దుగాల ఏం లేదంటివి. ఇప్పుడు కామారెడ్డి అంటున్నవ్. పెద్ద దవాఖానోళ్లు కమీషన్ ఎంతిస్తరు నీకు?"

చుట్టూ చేరిన నలుగురూ తలలూపారు. వాళ్ల తప్పేం లేదు, అలా మోసపోయిన ఇండ్లు ఊరికి పది ఉంటాయి. పూసల సంగతి, ప్రొటీను సంగతి ఇక్కడెవరికి చెప్పడం? లోపల మనిషి ఊపిరి చప్పుడు బయటికి వినిపిస్తోంది. ఎస్తేర్ నేరుగా భూమక్క ముందుకు వెళ్లింది.

"అవ్వా, నేను తప్పు చేసిన. రోగం మస్తు ఎక్కువున్నప్పుడు ఇంకోతీరుగ చూడాలె, నేను చూడలే. లేదని రాసిచ్చిన. కావాల్నంటే ఠాణాకు పోండ్రి, నేనే వచ్చి చెప్త. గని బాపును మాత్రం ఇప్పుడే బండెక్కియ్యుండ్రి."

భూమక్క ఆమె ముఖంలోకి కోపంగానే చూసింది. తర్వాత మరిదిని పక్కకు నెట్టింది. "జరుగు దేవన్నా. కమీషన్ కోసం వచ్చినోళ్లు తప్పైందంటరా?"

అంబులెన్సులో ఎస్తేర్ కూడా ఎక్కింది. కామారెడ్డి చేరేసరికి బీపీ అందడం లేదు. పిక్క మీద కోత పెట్టి చీము తీశారు, రెండు రోజులు ఐసీయూలో పెట్టారు. ఆ రెండు రోజులూ ల్యాబులో ఎస్తేర్ ప్రతి చుక్కనూ రెండేసి సార్లు చూసింది. భూపాల్ ఆమెతో మాట్లాడలేదు.

బుధవారం సాయంత్రం ఆమె వెళ్లేసరికి గంగారాం కళ్లు తెరిచి భార్యతో నీళ్లు అడుగుతున్నాడు. రౌండ్సుకు వచ్చిన పెద్ద డాక్టరు, గండం గడిచిందని చెప్పి, "ఇంకో పూట ఆలస్యమైతే దక్కేవాడు కాదు. మిమ్మల్ని తొందరగా పంపిందెవరమ్మా?" అని అడిగాడు.

భూమక్క ఎస్తేర్ చెయ్యి పట్టుకుని ముందుకు లాగింది.

"ఈ పిల్లనే సార్. మమ్ముల తప్పు కాయిదమిచ్చి ఇంటికి తోలింది గూడ ఈమెనే."

వార్డులో అందరూ తిరిగి చూశారు.

"రెండూ నిజమే సార్" అంది ఎస్తేర్.