హ్యాండిలు తిప్పే ముందు ఉరుకుందప్ప

ఉరుకుందప్ప దివంగతుడయ్యాడని ఆదోని బస్సు దిగినవారెవరో ఎమ్మిగనూరులో చెప్పినప్పుడు నేను నమ్మలేదు. దుఃఖం చేత కాదు, శిక్షణ చేత. "ఇంజను నిలిచిపోయిందని ఎవరన్నా సెప్తే నమ్మొద్దప్పా, సేయి పెట్టి సూడు" అని నాకు పాఠం చెప్పినవాడాయన. వెళ్లి చూశాను. చేయి చల్లగా ఉంది. జ్వరమన్నారు. అదీ పూర్తిగా నమ్మలేకున్నాను.

ఆదోని, ఎమ్మిగనూరు నడుమ ఇంకా సాగుతున్న బాట పనిలో ఆయన రోడ్డు రోలరు డ్రైవరు. కూలీల హాజరు రాసే గుమాస్తాను నేను. ఆయన పేరులో ఉరుకు ఉందే గాని నడకలో లేదు. నా పనిలో హాజరు ఉందే గాని బుద్ధి తరచు గైరుహాజరు.

ఆయన నిత్యశంకితుడు. రోలరు దిగగానే ఇంజను తిప్పే ఇనుప హ్యాండిలు ఊడదీసి చంకన పెట్టుకొని పోయేవాడు. పెళ్లి పంక్తిలో కూడా అది ఆయన పక్కన విస్తరి లేని అతిథిలా కూర్చునేది. తిరిగి వచ్చి గేరు కదిపి చూసేవాడు, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టేవాడు, చుట్టూ తిరిగి కిందికి వంగి చూసేవాడు. హ్యాండిలును బొటనవేలు చుట్టకుండా పట్టేవాడు. చుట్టి పట్టినప్పుడు ఇంజను ఎదురు తన్నితే మణికట్టు దక్కదు. "దీన్ని మచ్చిక సేసుకున్నాననుకునేటోడే దీని సేతిలో పోతాడు" అనేవాడు.

ఆయన అనుమానం మేస్త్రీకి అవమానం. "ఏమన్నా, పెండ్లికూతుర్ని గూడా ఇట్లనే సుట్టూ తిరిగి సూసినావా?" అని దెప్పితే, "సూసినా. ఆమె నన్ను ఇంకా ఎక్కువ సూసింది" అనేవాడు.

ఒక వేసవిలో పై అధికారి తనిఖీకి వచ్చారు. ఉరుకుందప్ప రోలరు చుట్టూ చూసి వచ్చేసరికి అధికారికి మజ్జిగ వచ్చింది. పని ఆగింది. అధికారి తాగి లేచి, "ఊఁ, కానీ" అన్నారు. ఉరుకుందప్ప హ్యాండిలు తగిలించి, కంకర మోస్తున్న నరసమ్మను చూసి ఆగిపోయాడు.

"ఏం నరసమ్మా, పొద్దున సంకలో బిడ్డ ఉండె. ఇప్పుడు యాడ?"

మేస్త్రీ మండిపడ్డాడు. "దొర నిలబడినాడు, ఇప్పుడు బిడ్డల సంగతి నీకెందుకప్పా? ఇంతకుముందే గదా సూసినావు!"

"అప్పుడు సూసింది అప్పటికేలే."

నరసమ్మ గంప జారవిడిచి పరుగెత్తింది. ఆ నల్లరేగడి బయలులో నీడంటే రోలరు నీడే. మజ్జిగ వేళ ఆమె చక్రాల నడుమ ఇరుసుకు పాత చీర ఉయ్యాల కట్టి బిడ్డను పడుకోబెట్టింది. రోలరు కదిలితే ఆ చీర చక్రానికి చుట్టుకునేది.

అధికారి ఆయన భుజం తట్టారు. ఆయన మాత్రం ఆ దినం సద్దిమూట విప్పలేదు.

"బిడ్డ బతికింది గదన్నా" అన్నాను.

"ఇయ్యాల సూసినా. సూడకుండా తిప్పిన దినాలెన్నో ఎవరికి తెల్సు?"

ఆనాటి నుంచి ఆయన అందరికన్నా ఎక్కువగా అనుమానించింది తననే. తల్లులందరూ పిల్లలను చంకనెత్తుకొని ఎదుట నిలబడితే తప్ప హ్యాండిలు ముట్టలేదు. "బిడ్డలు లేనిదాన్ని, నేనేమెత్తుకోవాలప్పా?" అని ఒక ముసలమ్మ నవ్వితే, "నీ మొగుణ్నెత్తుకో. వాడూ ఈడనే పండుకుంటాడు" అన్నాడు.

నిన్న కొత్త డ్రైవరు వచ్చాడు. మంచివాడే, చురుకైనవాడే. ఎవరినీ పిలవకుండా నేరుగా ఇంజను దగ్గరికి నడిచాడు. తల్లులు మాత్రం గంపలు దించి, పిల్లలను చంకనెత్తుకొని, బాట పక్కన వరుసగా వచ్చి నిలబడ్డారు. అతను వాళ్ల వైపు చూడలేదు.