ఒడిబియ్యం పోసి పంపిన కారు

పొద్దున చాయ్ గ్లాసు చేతిలోకి తీసుకున్నానో లేదో ఫోను టింగుమంది. కళ్లద్దాలు వెతుక్కుని చూస్తే, నిన్న మధ్యాహ్నం తుక్కుగూడ దగ్గర నా కారు మితిమీరిన వేగంతో పోయిందనీ, జరిమానా కట్టమనీ, నమ్మకపోతే ఫొటో చూసుకోమనీ పోలీసువాళ్ల సందేశం. నిన్న మధ్యాహ్నం నేను ఇబ్రహీంపట్నంలో మా ఇంట్లో ఫ్యాను కింద గురక పెడుతున్నాను. అసలు నాకు కారే లేదు. నాలుగేళ్ల కిందటే దాన్ని మా బామ్మర్దికి, అంటే మా ఆవిడకు ఉన్న ఒక్కగానొక్క తమ్ముడికి, అమ్మేశాను. అమ్మినా అది ఇంకా నా పేరు మీదే ఉండటం వల్ల అతను చేసే ఘనకార్యాలన్నీ నా ఫోనుకే వచ్చి పడుతున్నాయి. నా చిరాకు చూసి సంగతి కనిపెట్టిన మా ఆవిడ వంటింట్లోంచే "ఎక్కడికి వోయిండట?" అని అడిగింది. జరిమానా ఎంతని అడగదు, తప్పెవరిదని అడగదు, ఎప్పుడూ ఆ ఒక్క మాటే అడుగుతుంది. అది విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

నా మంట మన వయసు వాళ్లకైతే అర్థమవుతుందని ఇది రాస్తున్నాను. నేను ముప్పై ఏళ్లు బస్సు నడిపాను. మీలో కొందరు నా బస్సు ఎక్కే ఉంటారు. ఎక్కువ కాలం యాచారం వైపు రూటు, మా అత్తగారి ఊరు ఆ దారిలోనే. ఆ రోజుల్లో డ్రైవరంటే బస్సు నడిపేవాడు మాత్రమే కాదు, ఊళ్ల మధ్య కబుర్లు మోసేవాడు కూడా. మా అత్తగారు చింతచిగురు పప్పు టిఫిను డబ్బాలో పెట్టి బస్సు ఆగే స్టేజీ దగ్గర నిలబడితే అది మధ్యాహ్నానికల్లా మా ఇంటికి చేరేది. అప్పటికి ఇంకా మీసాలు రాని మా బామ్మర్ది బడి సంచీ ఊపుతూ ఎదురొచ్చేవాడు, నేను హారన్ కొట్టేవాణ్ణి. వాడు కనిపించాడా, చిక్కాడా, జ్వరం తగ్గిందా అని మా ఆవిడ సాయంత్రం అడిగితే, పొద్దున ఇలా కనిపించాడు, మళ్లీ ట్రిప్పులో అలా కనిపించాడు అని చెప్పేవాణ్ణి. ఉద్యోగంలో ఉన్నంత కాలం అత్తగారింటి యోగక్షేమాలు వేరే ఎవరినీ అడిగే అవసరం రాలేదు.

ఆ ముప్పై ఏళ్లలో ఒక్క ప్రమాదం లేదు, ఒక్క కేసు లేదు, మేకపిల్లను కూడా తగలనివ్వలేదు. పదవీ విరమణ రోజున డిపోలో శాలువా కప్పి పెద్ద ఆఫీసరు నా గురించి చెప్పింది కూడా అదే, ఈయన సర్వీసు పుస్తకంలో మచ్చ లేదని. నేను మేడలు కట్టలేదు, ప్లాట్లు కొనలేదు, సంపాదించుకున్నది ఆ ఒక్క పేరే. ఇప్పుడు ఆ పేరు కిందనే అతివేగం, సీటు బెల్టు లేదు, ఎర్ర దీపం దాటాడు అని వరసగా కనిపిస్తుంటే, ఎవరో నా శాలువాతో కాళ్లు తుడుచుకుంటున్నట్టు ఉంటుంది. పైగా ఏదైనా జరగరానిది జరిగితే కోర్టు మెట్లు ఎక్కవలసింది కూడా నేనే.

ఇంతకీ ఆ కారు ఎందుకు కొన్నానో చెప్పాలి. పెళ్లయినప్పటి నుంచీ మా ఆవిడ నా బండిలో ఎప్పుడు ఎక్కినా ఆడవాళ్ల సీట్లో కూర్చుని నా వీపే చూసింది. ఒక్కసారైనా పక్కన కూర్చుని పోవాలని ఆమె కోరిక. రిటైరయ్యే ముందు అయిదేళ్ల కిస్తుల మీద తెల్ల కారు ఒకటి తీసుకున్నాను. మన దగ్గర ఆనవాయితీయే కదా, వెనక అద్దం మీద మా ఇద్దరు ఆడపిల్లల పేర్లు ఎర్ర అక్షరాలతో అంటించాం. ఆమె నా పక్కన కూర్చున్నది ఎన్నిసార్లో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, ఎందుకంటే మా చుట్టాలందరిలో కారున్నది మాకే. పెళ్లిచూపులకు మా కారే, దవాఖానకు మా కారే, కొమురెల్లి జాతరకు మా కారే, అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఎవరిదో గృహప్రవేశమంటే మేకను ఎక్కించింది కూడా మా కారులోనే. ముందు సీట్లో ఎవరో ఒక పెద్దాయన కూర్చుంటే ఈమె మళ్లీ వెనకే.

రిటైరయ్యాక వచ్చే డబ్బుకూ కిస్తుకూ పొంతన కుదరక, ఇంకా రెండేళ్ల బాకీ ఉండగానే అమ్మేద్దామనుకున్నాను. అప్పుడు తెలిసింది అసలు తలనొప్పి. సాగర్ రోడ్డు మీద పాత కార్ల దుకాణానికి పోతే, బాకీ తీరిందని ఫైనాన్స్ కంపెనీ కాగితం ఇస్తేనే బండి ఇంకొకరి పేరుకు మారుతుందన్నాడు ఆయన. బాకీ తీర్చాలంటే కారు అమ్మాలి, కారు అమ్మాలంటే బాకీ తీర్చాలి. ఆ బాకీ తానే కట్టేసి కాగితం తెచ్చుకుంటానని కూడా అన్నాడు గాని, అందుకు ధర బాగా తగ్గించాడు. నేను మొహం ముడుచుకుని లేస్తుంటే వెనక నుంచి పిలిచి చెప్పాడు.

"కాకా, రేటు నచ్చకుంటే ఇంకో దుకాణం చూస్కో. గని సుట్టపోళ్లకు మాత్రం రన్నింగ్ ఫైనాన్స్‌ల ఇయ్యకు."

రన్నింగ్ ఫైనాన్స్ అంటే మరేం లేదు, కొన్నవాడు కొంత చేతికిచ్చి బండి తీసుకుపోతాడు, మిగిలిన కిస్తులు అతను కడుతుంటాడు, పేరు మాత్రం బాకీ తీరేదాకా మనదే. ఆయన చెప్పిన మాట ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాను. నవ్వినందుకు వారం తిరగలేదు, మా బామ్మర్ది వచ్చి కూర్చున్నాడు.

"ఇంటి బండి బయటోళ్లకు ఎందుకు వోవాలె బావా? నేను లేనా? ఉన్న కిస్తులు నేను గట్టుకుంట" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ లోపలికి పోయి అతనికి అన్నం వడ్డించింది. మనలో ఆ వడ్డన తర్వాత కాదనే మాట ఉండదు. స్టాంపు కాగితం మీద రాసుకున్నాం, ఇద్దరు సాక్షులు సంతకం చేశారు, ఆ కాగితం దేనికీ పనికిరాదని ఆ తర్వాత తెలిసింది. అసలు విడ్డూరం కారు పంపిన రోజు జరిగింది. బయల్దేరబోతుంటే మా ఆవిడ పళ్లెంలో పసుపు బియ్యం, ఎండు కొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవిక గుడ్డ పెట్టుకుని వచ్చింది. ఆడపిల్లను అత్తారింటికి పంపేటప్పుడు ఒడిలో పోసే ఒడిబియ్యం అవి. మేనమామ ఇంటికి పోతున్న పిల్లట ఈ కారు, ఒడి నింపకుండా ఎట్ల పంపాలని ముందు సీటు మీద రవిక గుడ్డ పరిచి పోసింది. తాను కూర్చోవాలని కోరుకున్న సీటు అది. కారుకు ఒడిబియ్యమేమిటని కసిరాను గాని, ఆమె ముఖం చూసి ఇంకేం అనలేకపోయాను.

ఆ తర్వాత రెండేళ్లు నేను పడ్డ అవస్థ పగవాడికి కూడా వద్దు. అయిదో తారీఖుకు నా ఖాతాలో పడవలసింది ఎనిమిదికి పడేది, ఒక్కోసారి పన్నెండుకు. ఈలోగా బ్యాంకు నుంచి ఒక ఫోను, ఫైనాన్స్ కంపెనీ నుంచి ఒక ఫోను, ఎవరో ఆడపిల్ల తీయని గొంతుతో నన్ను ఎగవేతదారుణ్ణి చేసి మాట్లాడేది. అతనికి ఫోను చేస్తే, ఫికర్ చెయ్యకు బావా, రేపు ఏస్త అనేవాడు. ఆ రేపు కోసం చూడలేక రెండు మూడు సార్లు నేనే కట్టాను. దీనికి తోడు ఈ జరిమానాలు. నెమ్మదిగా నడపమని చెబితే బస్సు అలవాటు నీకింకా పోలేదు బావా అని నవ్వేవాడు. బాకీ తీరగానే పేరు మార్చుకోమని ఒకరోజు ఫోనులో గట్టిగా అడిగాను.

"పిల్లనిచ్చినట్టు ఒడిబియ్యం వోసి ఇచ్చిన్రు గద బావా, ఇంక మన మధ్య కాగితాలెందుకు?" అన్నాడు.

"పిల్లనిస్తే ఇంటిపేరన్న మారుతదిర. దీనికి గూడ జర గది మార్చు" అన్నాను.

ఆ మాటను మా ఆవిడ ఇప్పటికీ తన అక్కచెల్లెళ్లకు ఫోనులో చెప్పి నవ్వుతుంది.

కిస్తులన్నీ తీరి, బాకీ లేదనే కాగితం మా ఇంటికే వచ్చింది. మూడు నెలల్లోపు వాడుకోకపోతే అది చెల్లదు. బామ్మర్ది ఫారాలు పట్టుకుని వచ్చాడు. ముందు జరిమానాలు కట్టు, తర్వాత సంతకం చేస్తానన్నాను. ముందు సంతకం పెట్టు, తర్వాత కడతానన్నాడు. ఇద్దరం పంతానికి పోయాం, మూడు నెలలు గడిచాయి, కాగితం చెల్లకుండా పోయింది. ఏడాదిన్నర పాటు అతనూ కదల్లేదు, నేనూ కదల్లేదు. మొన్నీమధ్య అతనే పట్నంలో ఫైనాన్స్ ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగి కొత్త కాగితం తెచ్చాడు. ఈసారి జరిమానాలన్నీ కట్టి రసీదులు కూడా నా ముందు పెట్టాడు. అప్పుడు నేనేమన్నానో రాయడానికి సిగ్గుగా ఉంది. కళ్లద్దాలు విరిగాయి, కొత్తవి వచ్చాక సంతకం పెడతానన్నాను. అద్దాలు నా జేబులోనే ఉన్నాయి.

ఎందుకలా అన్నానో ఆ రోజు నాకే తెలియలేదు. ఇవాళ ఫొటోను వేళ్లతో పెద్దది చేసి చూస్తుంటే తెలిసింది. వెనక అద్దం మీద మా పిల్లల పేర్లు ఇంకా అలాగే ఉన్నాయి, చిన్నదాని పేరులో ఒక్క అక్షరం ఊడిపోయింది. ఈ జరిమానాల ఫొటోలు ఇప్పటికి పదకొండు వచ్చాయి, ఒక్కటీ చెరపకుండా దాచుకున్నాను. అబ్దుల్లాపూర్‌మెట్‌లో సీటు బెల్టు లేకుండా దొరికినప్పుడు, అతని భార్య పుట్టింట్లో పెళ్లికి పోయి ఉంటాడని మా ఆవిడ ఊహించింది, నిజమే అయింది. తుక్కుగూడ వైపంటే కొడుకు కాలేజీ ఫీజు పని మీద అయి ఉంటుంది. ఇప్పుడు చుట్టాల్లో ఎవరి కారు వాళ్లకు ఉంది, ఎవరి కిస్తులు వాళ్లకు ఉన్నాయి, బండి కావాలని ఒకరి గడప ఒకరు తొక్కే పని లేదు. స్టేజీ దగ్గర డబ్బా పట్టుకుని నిలబడేవాళ్లు లేరు. కారు తీసుకుపోయాక అతను మా ఇంటికి వచ్చింది సంతకాల కోసం ఆ రెండుసార్లే.

చాయ్ తాగాక బీరువా తీశాను. కొత్త కాగితానికి ఇంకా వారం రోజుల గడువుంది. అతను ఆ రోజు మా దగ్గరే వదిలిపోయిన ఫారాల మీద ఎక్కడెక్కడ పెట్టాలో అక్కడ సంతకాలు పెట్టి, తమ్ముణ్ణి రమ్మని చెప్పు, కారులోనే రమ్మను, వచ్చినప్పుడు ముందు సీట్లో కూర్చుని నువ్వొకసారి తిరిగిరా అని మా ఆవిడతో అన్నాను. ఆమె సంతోషంగా ఫోను అందుకుంది. రేపో ఎల్లుండో బండి అతని పేరుకు మారుతుంది, నా పేరు మళ్లీ డిపోలో శాలువా కప్పిన రోజు ఉన్నట్టు తెల్లగా ఉంటుంది, జరిమానాలు ఇక అతని ఫోనుకే పోతాయి. అంతా నేను కోరుకున్నట్టే జరుగుతోంది. కాని ఇక మీదట ఆమె పొద్దున్నే చాయ్ ఇస్తూ, ఎక్కడికి వోయిండట అని అడిగితే ఏం చెప్పాలో మాత్రం నాకు తోచడం లేదు.