పక్కన కూసోబెట్టి చూడు

అక్క పోయిందని పోయిన నెల నాంపల్లి మెట్రో మెట్లెక్కుతుంటే ఫోనొచ్చింది. జ్వరమని దవాఖానకు పోయిన మనిషి. అక్కంటే తోడబుట్టింది కాదు, మా ల్యాబ్‌లో నాకు సీనియర్. ఏడుపుకంటే ముందు నాకొచ్చిన ఆలోచన: ఇక ఈమెను దాటేదెట్లా?

మా పని కంప్యూటర్ మీదే. డీఎన్‌ఏలోని అక్షరాలు, అంటే దాన్ని కూర్చే నాలుగు రకాల అణువులు, కాంతిని పీల్చుకుంటాయి గానీ తిరిగి వెలగవు. వాటి పోలికలోనే ఉండి వెలిగే కొత్త అక్షరాన్ని గీయాలి, అది ఏ కాంతిని పీల్చి, ఏ రంగులో ఎంత వెలుగుతుందో లెక్కగట్టాలి. గీసినవాటిలో ఒక్కదాన్నే నిజంగా తయారుచేయిద్దామన్నారు ల్యాబ్ సార్. అక్కదీ నాదీ పోటీకొచ్చాయి. లెక్కలో నాదే ఎక్కువ వెలిగింది. స్క్రీన్ తిప్పి మరీ చూపించాను.

"మస్తుంది గానీ, ఒక్కతే ఉంది గదనే. గ్వానీన్ పక్కన కూసోబెట్టి చూడు," అంది, డబ్బా మూతకంటిన పచ్చడి నాకుతూ.

గ్వానీన్ డీఎన్‌ఏ సొంత అక్షరాల్లో ఒకటి. పక్కన వెలిగేదాన్ని ఆర్పేసే గుణం దానిది. కూర్చోబెట్టాను. నాది ఆరిపోయింది. అక్కది కొంచెమే తగ్గింది. ఖాయమైంది అక్కదే.

"ఏందే, మొకం గట్ల పెట్టినవ్? చాయ్ తాగుదాం పా."

చాయ్ కూడా తనే తాగించింది. అదీ మంటే.

ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాతపుస్తకాలకు పోయేవాళ్లం. నేను ఎంత వెతికినా దొరకనిది అక్క వంగితే దొరికేది. తర్వాత ఓ బట్టల దుకాణంలో, దొంగనోట్లు చూసే లైటు కింద తన తెల్లచున్నీ అంచు పెట్టేది. సబ్బుపొడి మహిమకు అది నీలంగా వెలిగేది.

"ఏం మేడం, చున్నీ అసలుదేనా?" అనేవాడు సేటు.

"నీ దగ్గర కొన్నదే. నువ్వే చెప్పాలె!"

సేటు నవ్వి అక్కకు కుర్చీ వేయించేవాడు. నేను నిలబడేదాన్ని.

ఇప్పుడు ఏది గీసినా ముందు గ్వానీన్‌నే పక్కన పెడుతున్నా. నా పని తీరు కూడా ఆమెదే అయిపోయింది.

మొన్న అక్క అక్షరాన్ని గ్వానీన్ పక్కనే కూర్చిన డీఎన్‌ఏ తయారై చిన్న గొట్టంలో వచ్చింది. చూడటానికి ఉత్త నీళ్లు. "నువ్వే చూడమ్మా," అన్నారు సార్. వెలగకుంటే బాగుండనిపించింది. లైట్లు ఆర్పి, అతినీలలోహిత దీపం పట్టాను.

వెలిగింది. పలచటి నీలం. అక్క లెక్కగట్టిన నీలమే.

అన్నీ నాకంటే ముందే దక్కించుకున్న మనిషికి దీన్ని కళ్లారా చూడటమొక్కటే దక్కలేదు. ఉంటే నా మీద కుళ్లుకునేది. "జరుగే, నన్ను చూడనియ్," అని భుజంతో నెట్టేది.

తెలియకుండానే పక్కకు జరిగాను. బల్ల ముందు ఒక మనిషి పట్టేంత జాగా. దాని మీద నీలం వెలుగు.