బోరింగు పిడికి కట్టిన తీగ

మా బావగారంటే నాకు పడదు. ఆ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు కనక కాస్త మంచి కోసం వెతికాను. వేళకి చర్చికి వెళ్ళేవాడు. అంతకు మించి దొరకలేదు.

ఆయన మా ఆయనకు అన్న. గిలకలదిండిలో మరబోట్ల ఇంజన్లు విప్పి బిగించే పని. బందరులో మా మామగారు కట్టిన ఇంటికి మధ్యలో గోడ పెట్టి, ముందు వాటాలో వాళ్ళూ వెనక వాటాలో మేమూ ఉండేవాళ్ళం. పెరడూ, అందులో చేత్తో కొట్టే బోరింగూ, కరెంటు మీటరూ మాత్రం ఉమ్మడి. నేను ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచర్ని. తొమ్మిదో తరగతికి ఏటేటా విద్యుత్తు పాఠం చెప్పి చెప్పి పుస్తకం చూడకుండా చెప్పగలిగేదాన్ని. ఇంట్లో ఫ్యూజు పోతే మాత్రం నేను ఆ దరిదాపులకు వెళ్ళకూడదు. "ఏవమ్మా, ఇది సుద్దముక్కతో గీసేది కాదు, పక్కకి జరుగు" అనేవాడు. మా ఆయన టార్చిలైటు పట్టుకుని అన్నగారి పక్కన నిలబడేవాడు. పెళ్ళయిన కొత్తలో అది వినయం అనుకున్నాను.

ఉప్పెనకి మా ప్రహరీగోడ పడిపోయింది. మళ్ళీ కట్టించే స్తోమత అన్నదమ్ములిద్దరికీ లేక, ఆ జాగాలో గోరింట కంచె వేయించారు. వేసింది సాయిబు తాత. నాగాయలంక అవతల ఏదో ఊళ్ళో ఇల్లూ ఇల్లాలూ ఆ నీళ్ళలోనే పోతే, ఒక్కడే బందరు వచ్చి చెల్లెలింట్లో ఉంటూ, మా పేటలో ఇంటింటి కంచెలూ కత్తిరించి బతికేవాడు. మూరెడు కత్తెర, ఒక కొబ్బరితాడు. తాడు బిగించి కట్టి, ఓ కన్ను మూసి చూసుకుని కత్తిరించాడంటే కంచె మీద నీళ్ళగ్లాసు పెట్టినా ఒలికేది కాదు. బోరింగు వాషరు మార్చడం లాంటి చిల్లర పనులు కూడా ఆయనే చేసిపెట్టేవాడు.

గోరింట ఛాతీ ఎత్తు పెరిగిన ఎండాకాలం, మా బావగారు కాకినాడ రేవులో ఎవరో ఓడ మనిషి దగ్గర కంచె కత్తిరించే ఎలక్ట్రిక్ మిషను కొనుక్కొచ్చాడు. పొడుగాటి మూతి, దానికి రెండు పక్కలా పళ్ళు. బందరు మొత్తానికి అలాంటిది రెండోది లేదు. ఆ సంగతి రోజుకు నాలుగుసార్లు ఆయన నోటి నుంచే వినేవాళ్ళం.

"ఇంక ఆ ముసలాడితో పనేంటి? శనివారం శనివారం వీధంతా నేనే కొట్టేస్తా" అన్నాడు. అన్నంతా చేశాడు. వీధిలో వాళ్ళు మిషను చూసే సరదాలో పడి తాతను రావద్దన్నారు. నెల తిరిగేసరికి తాతకు ఒక్క చర్చి కంచె మిగిలింది. అది పెద్దదే, అదొక్కటీ ఉంటే ఆయన చెల్లెలి ముందు చెయ్యి చాచకుండా గడిచిపోతుంది. రోజూ మా మెట్ల దగ్గరికొచ్చి "ఏదన్నా పనుందా అమ్మా?" అని అడిగి వెళ్ళేవాడు.

మిషను వచ్చింది గాని దానికి కరెంటు? కంచె పెరటి చివర వీధి పక్కన ఉంది, ప్లగ్గు మా వెనక వరండాలో ఉంది. మిషనుతో వచ్చిన వైరు రెండు బారలకు మించదు. మామూలు మనిషైతే బజారుకెళ్ళి రెండు తీగల వైరు తెచ్చుకుంటాడు. మా బావగారి దగ్గర ఏదో బోటు నుంచి విప్పిన ఒంటి తీగ చుట్ట ఉంది. వరండా నుంచి కంచె దాకా ఒక్కసారికే సరిపోతుంది. ఆ ఒక్క తీగే లాగాడు. టెస్టరుతో కరెంటున్న చిల్లు ఏదో చూసి, తీగ కొస గీకి అందులో దూర్చి, ఊడకుండా రెండు అగ్గిపుల్లలు కుక్కాడు. రెండో తీగ పనిని బోరింగుకు అప్పజెప్పాడు. మిషను నుంచి ఓ తీగముక్క తెచ్చి బోరింగుకు కట్టేస్తే, కరెంటు గొట్టం వెంట నేలలోకి దిగిపోతుంది.

ఇదేమీ ఆయన కనిపెట్టిన విద్య కాదు. మా వైపు పొలాల్లో మోటార్లు ఆడించేవాళ్ళూ, పందిట్లో మైకులు పెట్టేవాళ్ళూ తీగ చాలకపోతే ఇదే పని చేసి 'ఎర్తు మీద లాగాం' అనేవాళ్ళు. బందరులో అడుగు తవ్వితే ఉప్పునీళ్ళు, ఆ నేలకు కరెంటు ఒక లెక్క కాదు. బోరింగు ఒళ్ళంతా తుప్పుపట్టి, పిడి ఒక్కటే చేతులు పడి పడి నున్నగా మెరుస్తూ ఉండేది. తీగ అక్కడైతే బాగా అంటుతుందని పిడికే కట్టాడు.

"బావగారూ, నీళ్ళు కొట్టుకునే బోరింగండీ అది. ఎవరైనా ముట్టుకుంటే?" అన్నాను.

"ముట్టుకుంటే చీమ కుట్టినట్టుంటుంది. చస్తావా ఏం?" అని, మా ఆయన వైపు తిరిగి, "ఒరే, మీ ఆవిణ్ణి పరీక్ష పేపర్లు దిద్దుకోమను" అన్నాడు.

మా ఆయన నవ్వాడు. ఆ నవ్వును నేను ఇప్పటికీ క్షమించలేదు.

ఆ రోజు నుంచి శనివారాలు వీధిలో ఏ ఇంటి కంచెకైనా ఆ తీగే, ఆ ఇంటి బోరింగే. సాయంత్రం మా కంచె దగ్గర మిషను ఆడినంతసేపూ మాకు నీళ్ళు బంద్. అంట్లు పెరట్లో ఎండేవి. అడిగితే తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. నా కడుపు మండిపోయేది. గిన్నెల గురించీ నీళ్ళ గురించీ కాదు. నాకు తెలిసిన ఒకే ఒక్క విషయం గురించి, అది తెలియని మనిషి నా ఇంట్లో నన్ను నోరెత్తనివ్వకపోవడం గురించి.

ఒక శనివారం నాలుగింటికి పాస్టరు గారినీ, ఇద్దరు సంఘ పెద్దల్నీ మిషను చూడ్డానికి పిలిచాడు. చర్చి కంచె కూడా ఇక తనే కొడతానని ముందే ఓ మాట వేశాడు. వాళ్ళు చూసి సరే అంటే తాతకున్న ఆ ఒక్క కంచె కూడా పోయినట్టే. మా బావగారు వీధి వైపు నుంచి మిషను పట్టుకుని నిలబడ్డాడు. పక్కనే కుర్చీల్లో పెద్దమనుషులు. చేతిలో బిస్కెట్ల ప్లేటుతో మా ఆయన. కంచెకు ఇవతల, పెరట్లో బోరింగు. మిషను గీమని మొదలైంది.

సరిగ్గా అప్పుడు తాత దొడ్డిదారిన వచ్చి, "పనుందా అమ్మా?" అన్నాడు.

కొత్త వాషరు వారం రోజులుగా మా కిటికీలో పడి ఉంది. అది తీసి చేతిలో పెట్టాను.

"బోరింగు వాషరు మార్చెయ్యి తాతా."

"మిషను ఆడతా ఉంది గదమ్మా. ఆపాక మారుస్తాలే."

"నీకేం ఫర్వాలేదు. ఇప్పుడే విప్పు."

"తీగ కట్టుంది..."

"కట్టనీ. నేను చెప్తున్నాగా."

పిల్లలకు కరెంటు పాఠం చెప్పే అమ్మ చెప్పింది కదా. స్పానరు తీసుకుని వెళ్ళి బోరింగు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. కంచె అడ్డం, వీధి వాళ్ళకు కనిపించడు.

నా ఆలోచన ఏమిటో దాచకుండా చెప్తాను. పిడి ఊడితే తీగకీ నేలకీ సంబంధం తెగిపోతుంది. వలయం తెగితే మిషను ఆగిపోతుంది. పాస్టరు గారి ముందు, పెద్దల ముందు, మా బావగారి చేతిలో ఆ మిషను చచ్చి ఊరుకుంటుంది. ఎందుకు ఆగిందో ఆయనకు అంతు పట్టదు. తాత కంచె తాతకు దక్కుతుంది. తాత కోసమే అని నాకు నేను చెప్పుకున్నాను. కాదు, మా బావగారి మొహం వాడిపోతే చూడాలని. నేను పిల్లలచేత బొమ్మ గీయించే వలయంలో బల్బు ఉంటుంది, బ్యాటరీ ఉంటుంది, స్విచ్చి ఉంటుంది. స్విచ్చి స్థానంలో ఒక మనిషి రెండు చేతులూ ఉన్నాయన్నది నా బుర్రకు తట్టలేదు.

తాత పిన్ను లాగి, ఎడమచెయ్యి బోరింగు మీద ఆనించి, కుడిచేత్తో పిడి ఎత్తాడు. మిషను ఆగింది.

"కరెంటు పోయింది!" అన్నాడు మా బావగారు.

"మన కరెంటు సంగతి తెలిసిందే కదండీ" అని పాస్టరు గారు నవ్వారు. అందరూ నవ్వారు. వరండాలో నేనూ నవ్వాను.

తాత కదలడం లేదు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. మెడ మాత్రం వెనక్కి విరుచుకుపోయి వణుకుతోంది. అరుపు లేదు. అప్పుడు అర్థమైంది నాకు, తెగిన వలయం తాత ఒంట్లోంచి పూర్తవుతోందని. ప్లగ్గు నా పక్కనే ఉంది. అగ్గిపుల్లలతో సహా తీగ పీకేశాను. తాత పక్కకు ఒరిగి బోరింగు గట్టు మీద పడ్డాడు.

ఆ తర్వాత నేను అరిచిన అరుపులు వీధి చివరి దాకా వినపడ్డాయట. తాత కోసం అరిచాను, నిజమే. కాని తాతను రిక్షా ఎక్కించేలోపే మా బావగారి మీద విరుచుకుపడ్డాను. ఒంటి తీగా, అగ్గిపుల్లలూ, బోరింగూ ఒక్కొక్కటే ఎత్తి, పెద్దల ముందు కడిగేశాను. "వద్దని చెప్పానా లేదా?" అన్నాను. ఆయన తల వంచుకున్నాడు. మా ఆయన కూడా నా పక్షానే మాట్లాడాడు, మొదటిసారి. ఆ వంచిన తల కోసం నేను ఎన్నేళ్ళు ఎదురుచూశానో నాకు తెలుసు. తాతను విప్పమన్నది ఎవరన్న మాట మాత్రం నా నోట రాలేదు.

తాత బతికాడు. మర్నాడు పెద్దాసుపత్రికి అందరం వెళ్ళాం. కుడిచేతికి మోచేతి దాకా కట్టు. వేళ్ళు ఇక ముడుచుకోవని డాక్టరు చెప్పాడు. మా బావగారు రాత్రంతా ఆలోచించుకున్నట్టున్నాడు, పాస్టరు గారి ఎదుటే అడిగాడు.

"మిషను ఆడుతుంటే ఎందుకు విప్పావయ్యా? ఎవరు విప్పమన్నారు?"

న్యాయమైన ప్రశ్నే. ఆయన జీవితంలో అడిగిన న్యాయమైన ప్రశ్న అదొక్కటేనేమో. తాత నా వైపు చూశాడు. నేను మంచం కోడు వైపు చూశాను.

"నేనే బాబూ. తోచక విప్పాను" అన్నాడు తాత.

చర్చి కంచె వేరే ఎవరికో వెళ్ళింది. మిషను అటక ఎక్కింది. ఇంట్లో ఫ్యూజు పోతే ఇక నన్నే పిలిచేవాళ్ళు, మా ఆయన నాకు టార్చి పట్టేవాడు. తాత ఎవరు కనిపించినా "ఆ అమ్మ తీగ పీకబట్టి ఉన్నాను" అని చెప్పేవాడట.

పది రోజులు ఆగి, బత్తాయిలు పట్టుకుని ఒక్కదాన్నే ఆసుపత్రికి వెళ్ళాను. ఏడవకూడదనుకున్నాను, ఏడ్చాను.

"ఆ రోజు అలా ఎందుకు చెప్పావు తాతా?" అన్నాను.

"మీరు చెబుతారేమోనని చూశానమ్మా" అన్నాడు. గొంతులో కోపం లేదు. "మీరు చెప్పలేదు. అందుకని నేను చెప్పాను."

ఇంకేమైనా అంటాడేమోనని నిలబడ్డాను. తాత కట్టు ఉన్న చెయ్యి దుప్పటి కిందికి లాక్కుని, ఎడమచేత్తో సంచీ చూపించాడు.

"ఒక బత్తాయి ఒలిచి పెట్టండమ్మా. ఈ చేత్తో రావట్లేదు."