అమావాస్య పట్టుబడి

మైపాడు దగ్గర మా ఎదురింటి కామమ్మకు ఉన్నది ఉప్పు తేలిన చేను. వరి ఏనాడూ సరిగా పండలేదు. అదే చేను రొయ్యల గుంట అయ్యాక ఇంటికి శ్లాబు పడింది, కూతురు భానుప్రియ నెల్లూరులో నర్సింగుకు చేరింది. ఆ రొయ్యలన్నీ అమెరికాకే పోయేవి. ఎక్కడో ఎవరో తినబట్టి ఇక్కడో పిల్ల చదువుకోవడం నాకు వింతగానే ఉండేది. వాళ్ళు తినడం మానేస్తే ఏమవుతుందని మాత్రం అడగబుద్ధి కాలేదు.

శ్రావణం చివర్లో రొయ్యలు కొనే చెంచయ్య ఫోన్ చేశాడు.

"అక్కా, అమెరికావోళ్ళు మన రొయ్య మీద పన్ను మళ్ళా పెంచినారు. రేపు వలేసి పడితే ఈ రేటుకు ఎత్తుకుంటా. ఎల్లుండి సంగతి చెప్పలేను."

"రేపు అమావాస్య గదయ్యా!"

"అమావాస్య మనకుండాది, వాళ్ళకుండాదా?"

అమావాస్యకు రొయ్య పొట్టు విడుస్తుంది, ఒళ్ళు మెత్తబడుతుంది. మెత్తరొయ్యను ఎగుమతి కంపెనీ తీసుకోదు. పొట్టు మళ్ళీ గట్టిపడేదాకా వల వేయకూడదని ఊళ్ళో అందరికీ చెప్పేది కామమ్మే.

ఆమె గట్టు మీదికి పోయి మేత తిన్నాయో లేదో చూసేందుకు గుంటలో దించిన పళ్ళెం పైకి లాగింది. ఒక రొయ్యను వేళ్ళతో నొక్కింది. గట్టిగానే అనిపించింది. ఇంకొకటి నొక్కలేదు.

"రెండు దినాలు తాళక్కా, వాడు భయపెడతా ఉండాడు," అన్నాడు తమ్ముడు పోలేరయ్య.

"ఈలోపల రేటు పడిపోతే? పాప ఫీజు నువ్వు కడతావా?"

"నేనేం కట్టేది! నా పెళ్ళాం గాజులు గూడా నీ గుంటలోనే ఉండాయి."

కామమ్మకు నవ్వు రాలేదు. వల వేయమంది.

పొద్దున మొదటి గంపలోనే తెలిసిపోయింది. చెంచయ్య మనుషులు ఒక్కో రొయ్యనూ నొక్కి, మెత్తవి పక్కన పోశారు. పక్క కుప్పే పెరుగుతూ పోయింది.

"ఏందక్కా, నువ్వేనా ఈ పని చేసింది?" అన్నాడు చెంచయ్య.

"నువ్వే గదయ్యా రేపే పట్టమంటివి!"

"పట్టమంటి గానీ, చూసుకోవద్దంటినా?"

గట్టివాటితో లారీ వెళ్ళిపోయింది. మెత్తవాటిని ఐసులో వేసుకుని పోలేరయ్య నెల్లూరు మార్కెట్టుకు పోయాడు. మిగిలిన గిన్నెడు కామమ్మ పులుసు పెట్టింది. సముద్రపు రొయ్యే రొయ్య అనుకునే ఆ ఇంట్లో గుంట రొయ్య పొయ్యెక్కడం అదే మొదలు.

"బాగుంది మా! ఇన్నాళ్ళూ ఎందుకు తినలా మనం?" అంది సెలవుకొచ్చిన భానుప్రియ.

కామమ్మ ముద్ద కలిపింది గానీ నోట పెట్టలేదు. ఫోన్ మోగింది. రొయ్యపిల్లలు అమ్మేవాడు.

"కామమ్మా, పిల్ల ఎప్పుడు పంపేది?"

"అమెరికాలో ఏమంటా ఉండారో కనుక్కొని చెప్పయ్యా."

"నాకేం తెలుస్తాదమ్మా? నువ్వేమంటావోనని నేను చూస్తా ఉండా."