బెడ్డు దిగని హవల్దారు

సైన్యంలో ఉన్నన్నాళ్లూ క్రీస్తుదాసు ఎవరికీ ఎదురు చెప్పలేదు. హవల్దారుగా రిటైరై బల్కంపేటలో ఇల్లు తీసుకున్నాక కిడ్నీలు పాడయ్యాయి. మాజీ సైనికుల వైద్య పథకానికి పంజాగుట్టలోని ఓ ప్రైవేటు ఆసుపత్రితో ఒప్పందం ఉంది. డయాలసిస్‌కు అక్కడికే పోయేవాడు.

ఆ ఎండాకాలం ఒప్పందం తిరగరాశారు. పథకం ఆసుపత్రికి ఇచ్చే రేటు తగ్గింది. ఆసుపత్రి వాళ్లు నోరెత్తలేదు. పథకం కింద వచ్చే ఫౌజీలను నాలుగు గంటలకు బదులు మూడు గంటలకే మెషీన్ మీంచి లేపి, ఆ బెడ్డు మీద ఇంకొకరిని ఎక్కించడం మొదలుపెట్టారు. కొద్దిరోజులకే క్రీస్తుదాసుకు ఒంట్లో నీరు చేరి కాళ్లు వాచాయి. పడుకుంటే ఆయాసం. భార్య సుమిత్ర వీపుకు దిండ్లు పేర్చి కూర్చోబెట్టేది.

ఓ మంగళవారం, ఇంకా గంట ఉండగానే టెక్నీషియన్ ఓదెలు మెషీన్ ఆపబోయాడు. క్రీస్తుదాసు సూదులున్న చేతిని రెండో చేత్తో కప్పుకున్నాడు.

“ముట్టకు ఓదెలూ. డాక్టరమ్మ నాలుగు గంటలు రాసింది.”

“అన్నా, నా నౌకరీ పోతది.”

“నీ మీద కోపం లేదు. పెద్దసారును పిలువు.”

మేనేజర్ హనుమత్ప్రసాద్ వచ్చాడు. “ఏంటండీ క్రీస్తుదాసు గారూ? వాళ్లిచ్చే రేటుకు ఇంతే కుదురుతుంది. కాస్త సర్దుకోవాలి.”

“సర్దుకోనీకి ఇది బస్సుల సీటా సార్? మీరు మీరు రేటు మాట్లాడుకున్నప్పుడు నన్ను పిలిచిన్రా? ఇప్పుడు పొదుపు నా ఒంట్లకెళ్లి తీస్తరా?”

“సెక్యూరిటీని పిలవాల్సొస్తుంది.”

“పిలువున్రి. నేనైతే దిగ.”

పక్క బెడ్డు మీది ఇస్హాక్ ఒకప్పుడు మిలిటరీ ట్రక్కు నడిపినవాడు. మొహం మీది దుప్పటి లాగేసి, “నేను సుత దిగ” అన్నాడు.

క్రీస్తుదాసు ఓసారి తలుపు వైపు చూశాడు. చెయ్యి మాత్రం తీయలేదు.

గొడవ విని డాక్టర్ సుమశ్రీ వచ్చింది. అతని కాలి మీద బొటనవేలు నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. “నేను రాసిన టైం ఎవరు మార్చారు?” అని మేనేజర్ని అడిగింది. “నాలుగు గంటలూ నడుపు” అని ఓదెలుకు చెప్పింది. ఓదెలు మెషీన్ మళ్లీ నాలుగు గంటలకు పెట్టాడు.

క్రీస్తుదాసు అక్కడితో ఆగలేదు. ఇస్హాక్‌ను వెంటేసుకుని పథకం ఆఫీసుకు పోయి ఫిర్యాదు ఇచ్చాడు. తనిఖీ జరిగింది. ఫౌజీలందరికీ నాలుగు గంటలు తిరిగి వచ్చాయి. ఆసుపత్రి వాళ్లు మాత్రం కక్షగట్టి ఆ ఇద్దరినీ తెల్లవారుజాము షిఫ్టుకు తోశారు.

“ఫిర్యాదు వాపసు తీసుకోండి, పాత టైమే ఇస్తాం” అని హనుమత్ప్రసాద్ మెత్తగా కబురు పెట్టాడు.

క్రీస్తుదాసు స్వయంగా పోయి జవాబు చెప్పాడు.

“పొద్దుగాల లేసుడు ఫౌజీకి కొత్తనా సార్?”